అమ్మ చెయ్యి దించుకున్న నాడు

మా అమ్మకు చదువు రాదు. బల్మూర్ దగ్గర మా ఊళ్లో, మా వాడ చివర, రేకుల కప్పు వేసిన ఒక ప్రార్థన గది ఉండేది. నాగర్‌కర్నూల్ నుంచి పాస్టరు అయ్యగారు ఆదివారం మధ్యాహ్నం వచ్చి ఆరాధన జరిపించి, చివర రెండు చేతులూ పైకెత్తి అందరికీ దీవెన చెప్పి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవారు. మిగతా ఆరు రోజులూ ఎవరికి ప్రార్థన కావాలన్నా మా ఇంటికే వచ్చేవాళ్లు. అయ్యగారి దీవెనలోని పెద్ద పెద్ద మాటలకు అమ్మ నోరు తిరిగేది కాదు. అందుకని విన్నదాన్ని తనకు వచ్చిన మాటల్లో చెప్పుకునేది. వచ్చిన మనిషి తల మీద రెండు అరచేతులూ ఆనించి, కళ్లు మూసుకుని అనేది:

"దేవుడు నిన్ను సూడాలె. నువ్వు నడిశే తొవ్వల ఆయన నడవాలె. నువ్వు పండుకున్నకాడ ఆయన కావలుండాలె. నిన్ను మళ్ల మాకు సూపియ్యాలె."

అంతే. మాటలు అయిపోయాక కూడా చేతులు వెంటనే తీసేది కాదు. పల్లి చెట్లు పీకీ పీకీ మొరటుబారిన చేతులు అవి. తల మీద బరువుగా, వెచ్చగా ఉండేవి. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే మందు గోలీ కంటే ముందు ఆ బరువు కోసం చూసేదాన్ని.

ఊరి నడుమ రైతుల ఇళ్ల నుంచి కూడా అమ్మకు పిలుపు వచ్చేది. వాళ్లు మా మతం వాళ్లు కారు. అయినా పసిపిల్ల పాలు తాగకపోతేనో, కోడలికి నెలలు నిండితేనో, "ఆమె నోరు మంచిది, జర రమ్మనుండ్రి" అని కబురు పెట్టేవాళ్లు. అమ్మ వాళ్ల వాకిట్లోనే నిలబడేది. పిల్లను వాకిట్లోకి తెచ్చేవాళ్లు. లోపలికి రమ్మని వాళ్లు అనలేదు, వెళ్లాలని అమ్మా అనుకోలేదు. తిరిగి వస్తూ దారిలో మాత్రం, "పిల్ల మంచిగున్నది, బతుకుతది" అని సంతోషంగా చెప్పేది నాకు.

పంటలు ఇంటికి వచ్చాక మా వాడలో సగం ఇళ్లకు తాళాలు పడేవి. మేస్త్రీ డీసీఎం బండి పంపించేవాడు. తెల్లవారి ఆరు గంటలకల్లా అది ప్రార్థన గది ముందు ఆగేది. మూటలు, గంజులు, పొయ్యి, పసిపిల్లలతో సహా జనం పుణెకో హైదరాబాదుకో బయలుదేరేవాళ్లు, ఇళ్లు కట్టే పనికి. బండి ఎక్కే ముందు ఒక్కొక్కరూ వచ్చి అమ్మ ముందు తల వంచేవాళ్లు. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉండేవాడు. అమ్మ ఎవరికీ ఒక్క మాట తగ్గించేది కాదు. నలభై మంది ఉంటే నలభై సార్లు మొత్తం చెప్పేది.

నేను పదో తరగతిలో ఉన్న సంవత్సరం నాయన ఒక్కడే వెళ్లాడు. అంతకు ముందు ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు, నన్ను నాయనమ్మ దగ్గర వదిలి. ఆ ఏడు నాయనమ్మ లేదు, నా పరీక్షలు దగ్గర పడుతున్నాయి. అమ్మ నా కోసం ఆగింది.

నాయనకు హాస్యం ఎక్కువ. ఆ పొద్దున అమ్మ నాయన తల మీద చేతులు పెట్టి సగం చెప్పేసరికి, "ఇగ సాలు, నా తల అరిగిపోతది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అమ్మకు కోపం వచ్చింది.

"నవ్వులాటనా నీకు? నిలబడు."

మళ్లీ మొదటి నుంచి మొత్తం చెప్పింది. నాయన బుద్ధిగా తల వంచుకుని నిలబడ్డాడు, కానీ నా వైపు చూసి కన్ను కొట్టాడు. నేను నీళ్ల సీసా అందించాను. బండి కదిలింది.

మూడు నెలలకు మేస్త్రీ ఫోను వచ్చింది. నాలుగో అంతస్తులో సెంట్రింగ్ చెక్క జారిందట. మరునాడు మధ్యాహ్నం అంబులెన్సులో నాయన శవాన్ని తీసుకొచ్చారు. తలకు తెల్లగుడ్డ మందంగా చుట్టి ఉంది. అమ్మ ఏడవలేదు. దగ్గరికి వచ్చి కూర్చుని, ఆ గుడ్డ మీద రెండు అరచేతులూ పెట్టింది. అందరం ఏదో అంటుందని చూశాం. ఏమీ అనలేదు. అలాగే చాలాసేపు కూర్చుంది. చివరికి ఎవరో చేతులు పట్టుకుని తీశారు.

అయ్యగారు వచ్చి సమాధి దగ్గర ప్రార్థన చేసి వెళ్లారు. మూడో రోజు, అయ్యగారు లేనప్పుడు, వాడ ఆడవాళ్లు అమ్మను ఇంటి వెనక కూర్చోబెట్టారు. గాజులు తీయించే పని మా మేనత్త, నాయన అక్క, మీద పడింది. నేను అడ్డం వెళ్లాను.

"అత్తా, మనం దేవుని నమ్ముకున్నోళ్లం గద. మనకు గిదంత ఎందుకు?"

"నమ్ముకుంటె నమ్ముకున్నం బిడ్డా. ఊరు ఊరుకుంటదా? రేపు మీ అమ్మను నలుగురు నాలుగు మాటలంటరు. నువ్వు జరుగు."

అత్త ఏడుస్తూనే ఆ పని చేసింది. రాయి మీద అమ్మ మణికట్టు ఆనించి, ఒక్కొక్క గాజూ పగలగొట్టింది. ఒక ముక్క అమ్మ చేతికి గుచ్చుకుంటే తన కొంగుతోనే తుడిచింది. ఆ ఏడుపు నాకు కనబడలేదు. ఆ రాయి మాత్రమే కనబడింది. చాలా ఏళ్లు అంతే.

మరుసటి ఏడు డీసీఎం వచ్చిన పొద్దున నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఎప్పటిలాగే ప్రార్థన గది ముందు నిలబడింది. మొదట వచ్చిన వాళ్లు మూటలు సర్దుకుంటున్నట్టు అటు తిరిగి బండెక్కారు. తర్వాతి వాళ్లూ అంతే. కొత్తగా పెళ్లయిన ఒక పిల్లవాడు మాత్రం అలవాటుగా అమ్మ ముందుకు వచ్చి తల వంచాడు. అమ్మ చేతులు లేచాయి. వెనక నుంచి అతని భార్య చొక్కా పట్టి లాగింది.

"జల్ది ఎక్కు. బండి పోతది."

బండి పోవడం లేదు. డ్రైవర్ ఇంకా కిందే నిలబడి ఛాయ్ తాగుతున్నాడు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. అమ్మ చేతులు ఛాతీ దాకా లేచి ఆగిపోయాయి. ఆ పిల్లవాడు అమ్మ ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు, వెళ్లి బండెక్కాడు. అమ్మ మెల్లగా చేతులు దించి, తడి లేకపోయినా చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది. బండి వెళ్లిపోయే దాకా అక్కడి నుంచి కదల్లేదు. తర్వాత ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవ్వతో ఒకతె గట్ల చేస్తె నువ్వెందుకు ఊరుకుంటవ్ అమ్మా? దేవుని మాట చెప్పేటందుకు గాజులు కావాల్నా?"

అమ్మ పొయ్యిలోకి చూస్తూనే అంది. "ఆమెది తప్పేమున్నది బిడ్డా. మీ నాయినకు నేను రెండుసార్లు చెప్పిన. రెండుసార్లు. ఏమైంది?"

నేను బిందె తీసుకుని నీళ్లకు వెళ్లాను.

ఆ తర్వాత అమ్మ ఎవరి తల మీదా చెయ్యి పెట్టలేదు. రైతుల ఇళ్ల నుంచి కబుర్లు కూడా ఆగిపోయాయి. ఆదివారం గదిలో వెనక వరసలో కూర్చునేది. పాటలు పాడేది, ప్రార్థన చేసేది. అయ్యగారు చివర దీవెన చెప్పేటప్పుడు మాత్రం తల వంచుకుని, చేతులు కొంగులో దాచుకునేది.

ఇంటర్ అయ్యాక వనపర్తిలో టీచర్ ట్రైనింగు సీటు వచ్చింది. బయలుదేరే రోజు బ్యాగు గడప అవతల పెట్టి, అమ్మ ముందు తల వంచాను.

"వద్దు బిడ్డా."

"నాకు గూడనా?"

"నీకే వద్దు. మాట దేవునిదే, దానికేం కాలే. చెయ్యి నాది. నా చెయ్యి వద్దు."

వంచిన తల ఎత్తడానికి నాకు సిగ్గేసింది. అమ్మ లోపలికి వెళ్లి పల్లి పొడి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. వనపర్తి హాస్టల్లో ఉన్న రెండేళ్లూ సెలవులకు వచ్చి వెళ్లేటప్పుడల్లా నేను గడప దగ్గర కొంచెం ఆగేదాన్ని. సరిగ్గా అప్పుడే అమ్మకు లోపల ఏదో పని గుర్తొచ్చేది.

నా పెళ్లి మా ఊళ్లోనే, ప్రార్థన గది ముందు పందిరి వేసి చేశారు. పెళ్లికొడుకుది వనపర్తి. మంచి మనిషి, ఆ మాట ఇప్పుడు కూడా అంటాను. వాళ్ల వైపు పెద్దావిడ ఒకామె, ముందు రోజే అయ్యగారితో నెమ్మదిగా చెప్పింది, దీవెనకు జంటగా ఉన్నవాళ్లనే పిలవమని. ఆ మాట నా చెవిన కూడా పడింది.

పుస్తె కట్టాక ఇద్దరం మోకరించాం. "పెద్దలు వచ్చి దీవించండి" అన్నారు అయ్యగారు. జంటలు జంటలుగా వచ్చి మా తలల మీద చేతులు పెట్టారు. వంచిన తలకు పాదాలు తప్ప ఏమీ కనబడవు. కొత్త చెప్పులు, మెట్టెలు, పారాణి. నేను పగిలిన మడమల కోసం చూశాను. ఆ మడమలు ఎక్కడున్నా గుర్తు పడతాను. అవి రాలేదు.

ఒక్కసారి తలెత్తి "మా అమ్మను పిలవండి" అని ఉంటే అయ్యగారు కాదనేవారు కారు. మా ఆయన అసలే కాదనేవాడు కాదు. కానీ నాకు ఇరవై మూడేళ్లు. గొడవ లేకుండా పెళ్లి అయిపోవాలనుకున్నాను. తల ఎత్తలేదు.

ఉద్యోగం వచ్చి నాగర్‌కర్నూల్‌లో స్థిరపడ్డాం. ఇద్దరు పిల్లలు పుట్టారు. అమ్మ వచ్చి నెలల తరబడి ఉండి వాళ్లను పెంచింది. రోజూ వాళ్ల తలలకు నూనె పెట్టేది, మాడు మీద మెల్లగా అద్దేది. అదే తల, అదే చెయ్యి. ఆ నాలుగు మాటలు మాత్రం ఏనాడూ రాలేదు. నేను తలుపు పక్కన నిలబడి చూసేదాన్ని, ఈ రోజైనా అంటుందేమోనని.

రెండేళ్ల కింద అమ్మకు కడుపులో నొప్పి మొదలైంది. నాగర్‌కర్నూల్ దవాఖానలో చూపించాం, హైదరాబాదు తీసుకెళ్లాం. అక్కడ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకెళ్లి తినాలనిపించింది పెట్టమన్నాడు. బడికి సెలవు పెట్టాను. ముందు గదిలో కిటికీ పక్కన అమ్మకు మంచం వేశాం.

ఒక మధ్యాహ్నం తల దువ్వుతున్నాను. జుట్టు పిడికెడు కూడా లేదు. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"పెండ్లినాడు నిన్ను పిలవకపోతి అమ్మా."

"పిలిస్తె వస్తుంటినా నేను?"

"వచ్చినా రాకున్నా. పిలవాలె గద."

అమ్మ ముఖంలోకి ఏదో చిలిపితనం వచ్చింది, నాయనకు ఉండేదే. "ఆనాడు నేను యాడున్న ఎరికేనా నీకు? పందిరెన్క, అన్నం గంజుల కాడ. అప్పుడే అన్నం దించిన్రు. అందరు పెండ్లి సూడ పోయిన్రు, ఎవ్వరు లేరు. మూత తీసి, గంజు మీద చేతులు పెట్టి చెప్పిన. మొత్తం చెప్పిన. ఆవిరికి చేతులు కాలినయి."

నేను దువ్వెన ఆపేశాను.

"అందరు తిన్నరు గద" అంది అమ్మ. "మీ అత్తగారోళ్లు గూడ తిన్నరు."

తనే నవ్వింది. నవ్వితే నొప్పి లేచి కడుపు పట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. పెళ్లిపీటల మీద నుంచి లేచి నేనూ ఆ అన్నం తిన్నాను. ఆకలితో తిన్నాను. ఉప్పు తక్కువైందని పక్కన కూర్చున్న స్నేహితురాలితో అన్నట్టు కూడా జ్ఞాపకం.

"మరి ఇప్పుడు చెప్పమ్మా. నాకు, పిల్లలకు."

"ఇప్పుడెందుకే. నువ్వే నాకు చెప్పు." కొంచెం ఆగి, మామూలుగా, ఫిర్యాదు లాగా కూడా కాకుండా అంది: "నాకెవ్వరు చెప్పలే."

నేను లెక్కపెట్టి చూసుకున్నాను. నిజమే. వాడలో అందరూ అమ్మ ముందు తల వంచారు. అమ్మ తల మీద చెయ్యి పెట్టి దేవుడు నిన్ను సూడాలె అన్న మనిషి ఒక్కరూ లేరు. నాకే ఎప్పుడూ తోచలేదు.

దువ్వెన పక్కన పెట్టి రెండు చేతులూ అమ్మ తల మీద ఉంచాను. పొద్దంతా పిల్లలకు పాఠాలు చెప్పే గొంతు నాది. దాన్ని తగ్గించుకుని, "దేవుడు నిన్ను సూడాలె" అన్నాను. "నువ్వు నడిశే తొవ్వల ఆయన నడవాలె. నువ్వు పండుకున్నకాడ ఆయన కావలుండాలె." అక్కడ ఆగిపోయాను. మళ్ల మాకు సూపియ్యాలె అనే చివరి మాట రాలేదు. ఎలా వస్తుంది? అమ్మ కళ్లు మూసుకుని ఎదురుచూసింది. నా చేతుల కిందే తల కొంచెం ఊపింది.

"గంతే సాలు బిడ్డా."

ఎనిమిదో రోజు పొద్దున అమ్మ పోయింది. ఊరికి తీసుకెళ్లి నాయన పక్కనే సమాధి చేశాం.

మూడో రోజు ప్రార్థన అయ్యాక నేను ఇంటి ముందు కూర్చున్నాను. ఒక యువతి నాలుగేళ్ల ఆడపిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లు మా వాడవాళ్లే, మరునాడు పుణె వెళ్తున్నారు.

"అక్కా, మీ అమ్మ చెయ్యి శానా మంచిదంట గద, మా అత్త చెప్పేది. ఇప్పుడు నువ్వు జర పెట్టు పిల్లకు. దూరం పోతున్నం."

ఆమె చూపు నా చేతుల మీద, గాజుల మీద ఒక్క క్షణం ఆగింది. అమ్మ దీవెన నాకు వచ్చు కాబట్టి ఆమె అడగడం లేదని అర్థమైంది. మా ఆయన బతికి ఉన్నాడు కాబట్టి అడుగుతోంది. అమ్మ చెయ్యి మంచిదని ఇప్పుడు అంటున్న ఊరే, పద్దెనిమిది ఏళ్లు ఆ చేతిని కొంగులో దాచుకునేట్టు చేసింది.

మా మేనత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాలుగేళ్ల కింద మామ పోయాడు. ఆమె చేతులు కూడా బోసిగా ఉన్నాయి. ఆమె గాజులు ఎవరు తీశారో నేను అడగలేదు, ఆ చావుకు కూడా పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేశాను. ఆ క్షణంలో నాకు ఏం తోచిందో, లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అత్తా, నువ్వు పెట్టు. పెద్దదానివి నువ్వు."

"నేనెందుకు బిడ్డా? నాకు తెల్వదు. నువ్వే పెట్టు."

"రా అత్తా."

లాక్కొచ్చినట్టే తీసుకొచ్చి, ఆ పిల్ల తల మీద ఆమె చెయ్యి ఉంచాను. పిల్ల కదలకుండా నిలబడింది. తల్లి చెయ్యి తనంతట తానే వచ్చి పిల్ల భుజం పట్టుకుంది. గట్టిగా. అత్త ఆ వేళ్లను చూసింది. చెయ్యి తీసేసి, "బోళ్లు అట్లనే ఉన్నయి" అని ఇంటి వెనక్కి వెళ్లిపోయింది.

ఆ పిల్ల తల్లితో ఏదైనా అనాలనుకున్నాను. ఆమె కూడా భయంతోనే చేసింది, పుణె చాలా దూరం. పిల్ల తలెత్తి నా వైపు చూస్తోంది. చేతులు పెట్టి మొత్తం చెప్పాను, చివరి మాటతో సహా. వాళ్లు సంతోషంగా వెళ్లారు. ఇంటి వెనక గిన్నెలు తోముతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. అత్తకు మేలు చేద్దామని అలా చేశానా, కోపం తీర్చుకుందామని చేశానా అని నన్ను నేను అడిగాను. రెండూ కావచ్చు. ఎట్లా చూసినా ఆమెను నలుగురిలో మరోసారి నిలబెట్టింది నేనే.

వెనక్కి వెళ్లి ఆమె పక్కన కూర్చుని నేనూ గిన్నెలు కడిగాను.

ఇప్పుడు ఊళ్లో కొత్త అయ్యగారు ఉన్నారు. ఆయనతో ఇదంతా చెప్పాను. మంచివారు, ఒక ఆదివారం వాక్యం చెబుతూ దీని గురించే మాట్లాడారు. అందరూ విన్నారు. ఆ ఏడు డీసీఎం వచ్చినప్పుడు వాడవాళ్లు దీవెనకు మళ్లీ నాకే ఫోను చేశారు. బడి ఉందని చెప్పాను.

అత్తకు కళ్లు మసకబారాయి. మొన్న నాగర్‌కర్నూల్ దవాఖానలో ఒక కంటికి ఆపరేషన్ చేయించి వారం రోజులు మా ఇంట్లోనే ఉంచుకున్నాను. మొదటి రెండు రోజులు గది మూలకు కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడలేదు. తర్వాత పిల్లలకు మా నాయన చిన్ననాటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. నాకు తెలియనివి చాలా ఉన్నాయి.

ఊరికి వెళ్లే రోజు బస్టాండుకు తీసుకెళ్లాను. బస్సు ఇంకా రాలేదు. జనం మధ్యనే ఆమె ముందు తల వంచాను. అత్త కంగారుగా నేల మీద వెతికింది.

"ఏం పడ్డదే?"

"ఏం పడలే అత్తా."

అలాగే వంగి నిలబడ్డాను. ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అటూ ఇటూ చూసింది. "గీడనా? మందిల?" అంది మెల్లగా. ఇంతలో బల్మూర్ బస్సు వచ్చింది, జనం తోసుకున్నారు. ఆమె చెయ్యి నా భుజం మీద పడింది. ఆనుకోవడానికి పెట్టిందో, మరెందుకు పెట్టిందో తెలియదు. ఒకసారి గట్టిగా నొక్కి, "పోయొస్త బిడ్డా" అని మెట్లెక్కింది.

రెండో కంటికి ఆపరేషన్ వచ్చే నెల ఉంది. అప్పుడూ నేనే బస్సు ఎక్కిస్తాను.